నేరేడు పండూ, నెత్తుటి లెక్కా



ఆషాఢం వచ్చిందంటే బస్టాండ్ల దగ్గర, రైతుబజారు గేట్ల దగ్గర నేరేడు పళ్ల తట్టలు కనిపిస్తాయి. ఒకప్పుడు పిల్లలు చెట్టు కింద రాలినవి ఏరుకుని, ఉప్పద్దుకుని తిని, ఎవరి నాలుక ఎక్కువ ఊదాగా అయిందో చూపించుకునేవాళ్లు. ఇప్పుడు తట్ట ముందు నిలబడేది ఎక్కువగా పెద్దవాళ్లు. "తీసుకోండి బాబూ, షుగర్‌కి మంచిది, ఒంటికి రక్తం పడుతుంది" అంటుంది అమ్మే అవ్వ. ఆ రెండు మాటల్లో మొదటిదాని గురించి పత్రికల్లో, వాట్సాప్‌లో కావలసినంత చర్చ జరుగుతూనే ఉంది. రక్తం పడుతుందా లేదా అన్నదాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఏళ్ల తరబడి రక్తం స్లైడులు చూడటమే పనిగా గడిపినవాణ్ణి కాబట్టి నా ఆసక్తి ఆ రెండో మాట మీదే.

ముందు షుగర్ ఉన్నవాళ్ల నెత్తుటిలో ఏం జరుగుతుందో చూద్దాం. మన ఒంట్లో సుమారు 25 లక్షల కోట్ల ఎర్రకణాలు ఉంటాయి. ఎముకల్లోని మూలుగ సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్త కణాలను తయారు చేస్తుంది. పుట్టిన ప్రతి కణం దాదాపు 120 రోజులు తిరిగి, చివరికి ప్లీహంలోనో కాలేయంలోనో కాలం చేస్తుంది. ఈ కణానికి కేంద్రకం లేదు. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలూ లేవు. దానికి తిండి అంటే గ్లూకోజ్ ఒక్కటే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కండరాల్లోకి, కొవ్వు కణాల్లోకి చక్కెర సరిగా వెళ్లాలంటే ఇన్సులిన్ రావాలి, తలుపు తీయాలి. ఎర్రకణానికి ఆ కాపలా లేదు. బయట ప్లాస్మాలో ఎంత చక్కెర ఉంటే లోపలా ఇంచుమించు అంతే చేరుతుంది. షుగర్ పెరిగిన మనిషిలో కండరం ఆకలితో ఉంటే ఎర్రకణం మాత్రం చక్కెరలో నానుతూ ఉంటుంది. అలా లోపల చేరిన చక్కెర హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఏ ఎంజైమూ అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. పాలు మరిగి మరిగి కోవా అయ్యేటప్పుడు వచ్చే గోధుమరంగు వెనక ఉన్నదీ ఇదే రకం రసాయన చర్య. పొయ్యి మీద గంటలో అయ్యేది ఒంట్లో నెలల మీద జరుగుతుంది, అంతే తేడా.

చక్కెర పట్టిన ఎర్రకణం బిరుసెక్కుతుంది. దాని వ్యాసం ఏడెనిమిది మైక్రాన్లు. కంటి వెనక పొరలోనో, మూత్రపిండంలోనో ఉండే సన్నని కేశనాళికల్లో కొన్ని అంతకంటే ఇరుకు. ఆరోగ్యంగా ఉన్న కణం మడత పడి దూరిపోతుంది. బిరుసెక్కిన కణం తడబడుతుంది, పక్క కణాలకు అతుక్కుంటుంది. షుగర్ వల్ల కళ్లు, కిడ్నీలు దెబ్బతినడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఇదీ ఒకటి. తెల్లకణాల సంగతి కొంచెం వేరు. లెక్కలో అవి సరిపడా ఉన్నా, చక్కెర ఎక్కువైన రక్తంలో సూక్ష్మజీవి దగ్గరకు చేరడంలోనూ, దాన్ని మింగడంలోనూ మందకొడిగా తయారవుతాయి. కాలి పుండు మానకపోవడానికి అదీ ఒక కారణం. ఇక ప్లేట్‌లెట్లంటే డెంగీ పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలుసు. షుగర్‌లో అవి చిన్న సాకు దొరికినా గుమిగూడిపోతాయి. గుండెపోటుకు అది దగ్గరి దారి.

ఎర్రకణానికి చక్కెర పట్టే ఈ గుణాన్నే డాక్టర్లు పరీక్షగా మలచుకున్నారు. 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ అనే ఇరానీ శాస్త్రవేత్త రోగుల హిమోగ్లోబిన్‌ను విడదీసి చూస్తుండగా, షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఒక వింత గీత కనిపించింది. అదే ఇప్పుడు మనం హెచ్‌బిఎ1సి, క్లుప్తంగా ఏ1సి, అంటున్నది. 1976లో అమెరికాలో రొనాల్డ్ కోనిగ్, ఆంథొనీ సెరామీ బృందం, రోగి షుగర్ అదుపులో ఉందో లేదో దీన్నిబట్టి చెప్పవచ్చని చూపించింది. మన ల్యాబుల్లో దాన్ని "మూడు నెలల షుగర్" అంటారు. ఎర్రకణం ఆయుష్షు మూడు నాలుగు నెలలు కనుక ఆ పేరు వచ్చింది. 6.5 శాతం, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు లెక్క.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఏ1సి అంకె రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి రక్తంలో చక్కెర. రెండోది ఎర్రకణం ఎన్నాళ్లు బతికింది అన్నది. ఈ రెండోదాన్ని మనం తరచూ మరచిపోతాం. నేరేడు కథలో తిరకాసంతా దాని దగ్గరే ఉంది.

నేరేడుకు షుగర్ మందుగా పేరు కొత్తగా రాలేదు. ఆయుర్వేదంలో జంబూ గింజకు స్థానం ఉంది, సరే. ఇన్సులిన్ రాకముందు యూరప్ మందుల షాపుల్లో కూడా నేరేడు గింజల పొడి దొరికేది. టొరంటోలో మొదటి రోగికి ఇన్సులిన్ ఎక్కించింది 1922 జనవరిలో. అప్పటిదాకా డాక్టర్ల చేతిలో పథ్యం తప్ప గట్టి ఆయుధం లేదు, అందుకే మన గింజ అంత దూరం ప్రయాణం చేసింది. ఇన్సులిన్ రాగానే దాన్ని పక్కన పెట్టేశారు. అలా పక్కన పెట్టిన గింజను మళ్లీ పైకి తీసినవి మన విశ్వవిద్యాలయాలే.

ఆ పరిశోధనల్లో ఒకటి చెప్పుకోదగ్గది. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్లు 1998లో ప్రచురించారు. ఎలుకలకు అలాక్సాన్ అనే రసాయనం ఇచ్చి షుగర్ తెప్పించారు. అది క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. తర్వాత ఆరు వారాల పాటు నేరేడు గింజలను నీటితో తీసిన సారం నోటి ద్వారా ఇచ్చారు. షుగర్ తగ్గింది. దాంతో పాటు హిమోగ్లోబిన్ పెరిగింది. అంటే అవ్వ చెప్పిన రెండు మాటలూ ఎలుకల్లో నిజమయ్యాయి. ఇలాంటి పరిశోధనలు తర్వాత కూడా, నేరేడు మీదనే కాక కాకర మీద, ఉసిరి మీద, ఇంకా అనేక కాయల మీద జరిగాయి.

అయితే మోతాదు చూడండి. కిలో బరువుకు 2.5 గ్రాములు, 5 గ్రాములు, 7.5 గ్రాములు చొప్పున మూడు రకాలుగా ఇచ్చారు. మొదటి రెండింటితో ఫలితం కనిపించింది. మూడోది, అంటే అన్నిటికన్నా పెద్ద మోతాదు, చెప్పుకోదగ్గ ఫలితం ఇవ్వలేదు. "ఎంత ఎక్కువ తింటే అంత మంచిది" అనేవాళ్లు ఈ ముక్క వినాలి. ఇక ఈ లెక్క మనిషికి వేస్తే? అరవై కిలోల మనిషికి నేరుగా గుణిస్తే రోజుకు 150 గ్రాముల నుంచి 300 గ్రాములు. ఎలుక ఒంటికీ మనిషి ఒంటికీ తేడా ఉంది కనుక మందుల శాస్త్రవేత్తలు ఆ అంకెను ఆరో వంతుకు కుదిస్తారు. అలా కుదించినా 25 నుంచి 50 గ్రాములు వస్తుంది. అదీ పొడి కాదు, సారం. మన ఇళ్లలో పొద్దున్నే మజ్జిగలో కలుపుకునేది ఒక చెంచాడు, మహా అయితే మూడు నాలుగు గ్రాముల పొడి. ఎలుకకు దక్కిన ఫలితాన్ని ఈ చెంచాడు నుంచి ఆశించడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. అలాక్సాన్ ఎలుకలో షుగర్ ఒక్కసారిగా, ఉధృతంగా వస్తుంది. ఒళ్లు చిక్కిపోతుంది, కండ కరుగుతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. మనలో ఎక్కువమందికి వచ్చే రెండో రకం మధుమేహం అలా రాదు. పొట్టతో, కూర్చుని చేసే ఉద్యోగంతో, తాతల నుంచి వచ్చిన వారసత్వంతో ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. పైగా ఎలుకలో షుగర్ దిగితే హిమోగ్లోబిన్ కోలుకోవడం ఇన్సులిన్ ఇచ్చినా జరిగేదే. నేరేడు ప్రత్యేకంగా రక్తం పట్టించిందనడానికి అది రుజువు కాదు. షుగర్ తగ్గింది కాబట్టి ఎలుక తేరుకుంది, తేరుకుంది కాబట్టి రక్తం పట్టింది అనుకోవడమే సబబు.

మరి మనుషుల మీద ఎవరూ పరీక్షించలేదా? బ్రెజిల్‌లో పరీక్షించారు. మన దేశపు నేరేడు చెట్టు ఎప్పుడో అక్కడికి వెళ్లి వేళ్లూనుకుంది, జంబొలావ్ అని పిలుస్తారు. షుగర్ ఉన్నవాళ్లు దాని ఆకుల టీ తాగడం అక్కడి అలవాటు. పోర్టో అలెగ్రె నగరంలోని పరిశోధకులు కొద్దిమంది రోగులను తీసుకుని, ఎవరు ఏది తాగుతున్నారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా, నేరేడాకు టీని గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రతో పోల్చి చూశారు. 2004లో ఫలితం వెలువడింది. మాత్ర పనిచేసింది. టీ తాగిన వాళ్ల పరగడుపు షుగర్‌లో మార్పు రాలేదు. ఆకు వేరు, గింజ వేరు అని మీరు అనవచ్చు, ఆ మాట సబబే. కానీ తమ ఊరివాళ్లంతా నమ్మే టీ పనిచేయలేదని తామే తేల్చి, తామే ప్రచురించిన ఆ పరిశోధకులంటే నాకు గౌరవం. మన దగ్గర గింజ మీద అలాంటి పెద్ద, నిక్కచ్చి పరీక్ష జరగాలని నా కోరిక.

ఇప్పుడు "రక్తం పడుతుంది" దగ్గరకు వద్దాం. నేరేడు రంగు చూసి ఈ మాట పుట్టి ఉంటుంది. బీట్‌రూటుకూ, దానిమ్మకూ ఇదే పేరుంది కదా. నేరేడుకు ఆ ఊదారంగు ఇచ్చేవి ఆంథోసయనిన్లనే వర్ణకాలు. వాటికీ ఇనుముకూ సంబంధం లేదు. వంద గ్రాముల నేరేడులో ఇనుము ఒక మిల్లీగ్రాము ఆసుపాసు. మన దేశపు 2020 పోషకాహార ప్రమాణాల ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పురుషుడికి 19. ఆ ఇనుమంతా నేరేడు నుంచే రాబట్టాలంటే ఆవిడ రోజూ మూడు కిలోల పళ్లు తినాలి. అన్ని తింటే షుగర్ సంగతి దేవుడెరుగు, కడుపు ఊరుకోదు.

పైగా నేరేడులో ఆ వగరు ఉంది చూశారూ, నోరు పట్టేసేది, అది టానిన్ల వల్ల. ఉమ్మిలోని మాంసకృత్తులను అవి పట్టుకుంటాయి, అందుకే నాలుక బిగుసుకున్నట్టు ఉంటుంది. అవే టానిన్లు పేగులోకి దిగాక ఆకుకూరల, పప్పుల ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. గింజలో వగరు ఇంకా ఎక్కువ. భోజనంతో పాటో, ఐరన్ మాత్రతో పాటో గింజ పొడి వేసుకుంటే రక్తం పట్టడం మాట అటుంచి, పట్టాల్సిన రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది. భోజనం కాగానే టీ తాగొద్దనేదీ అందుకే. ఉసిరి కథ దీనికి భిన్నం. ఉసిరిలోనూ వగరు ఉంది, కానీ నారింజ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ విటమిన్ సి కూడా ఉంది. అది ఇనుమును లోపలికి చేర్చడానికి సాయపడుతుంది. ఆషాఢంలో నేరేడు, కార్తీకంలో ఉసిరి. రెండూ ఒక్క విస్తట్లో కలవవు గానీ, రక్తం విషయంలో నా ఓటు ఉసిరికే.

పరీక్షనాళికలో మాత్రం నేరేడు మంచి మార్కులే తెచ్చుకుంటుంది. ఎర్రకణాలను నాళికలో పెట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటిది పోస్తే పొర చిట్లిపోతుంది. ఊదారంగు పళ్ల సారం కలిపి పోస్తే తక్కువ చిట్లుతుంది. కానీ మనం తిన్న ఆంథోసయనిన్‌లో రక్తానికి చేరేది చాలా స్వల్పం, మిగిలిందాన్ని పేగులోని బాక్టీరియా ముక్కలు చేస్తుంది. నాళికలో కణానికి దొరికిన రక్షణ నాళంలో కూడా అంతే దొరుకుతుందనుకోవడానికి లేదు.

ఇక తిరకాసు సంగతి. నలభై అయిదేళ్ల ఇల్లాలు ఒకావిడ ఉందనుకోండి. నెలసరి ఎక్కువ, హిమోగ్లోబిన్ 8.5, ఏ1సి 6.9. ఆవిడలో ఇనుము తక్కువ కనుక కొత్త ఎర్రకణాలు నెమ్మదిగా పుడతాయి, ఉన్న కణాల్లో ముసలివాటి వాటా పెరుగుతుంది. ముసలి కణానికి చక్కెర పట్టే కాలం ఎక్కువ. కాబట్టి రక్తంలో చక్కెర నిజంగా ఉన్నదానికంటే ఏ1సి ఎక్కువ చూపిస్తుంది. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. అదే సమయంలో వదినగారు నేరేడు గింజల పొడి డబ్బా ఇచ్చింది. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 12కి వచ్చింది. లేత కణాలు బోలెడు పుట్టాయి, వాటికింకా చక్కెర పట్టలేదు, ఏ1సి 6.3కి దిగింది. ఆ పేరు ఎవరికి దక్కుతుందంటారు? పొడికే. వదినగారు ఆ రిపోర్టు ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెడుతుంది.

ఇది నేను కల్పించిన ఉదాహరణే, కానీ మన దగ్గర దీనికి ఎంత చోటుందో చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పిన ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. ఈ రెండు గుంపులూ ఎన్ని ఇళ్లలో కలిసి ఉంటాయో ఊహించుకోండి.

ఏ1సి తప్పుగా కిందికీ దిగుతుంది. ఈమధ్యే ఒక్కసారిగా రక్తం బాగా పోయినా, డయాలసిస్‌లో ఉండి రక్తం పెంచే ఇంజెక్షన్లు తీసుకుంటున్నా ఒంట్లో లేత కణాలే ఎక్కువ. కుష్ఠుకు వాడే డాప్సోన్ మాత్ర ఎర్రకణాలను తొందరగా చిట్లేలా చేస్తుంది. ఆ మాత్ర వాడేవాళ్ల ఏ1సి, షుగర్ ఏమాత్రం తగ్గకుండానే, చక్కగా కనిపిస్తుంది. అంటే ఎర్రకణానికి హాని చేసే వస్తువు కూడా ఏ1సి దగ్గర మంచి మందులా నటించగలదు. నేరేడు అలా చేస్తుందని నేను అనడం లేదు. ఏ పేరూ ఊరూ లేని పొడి అయినా చేసే వీలుందని మాత్రం చెబుతున్నాను. పాడేరు, అరకు వైపు గానీ, ఆదిలాబాద్ వైపు గానీ ఏజెన్సీలో ఉన్న శ్రోతలు ఇంకొకటి గమనించాలి. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవాళ్లలో ఎర్రకణం ఆయుష్షే తక్కువ. వాళ్లకు ఏ1సిని నమ్ముకోకూడదు. పరగడుపున, తిన్నాక చేసే మామూలు షుగర్ పరీక్షలు, లేదా ఫ్రక్టోసమీన్ అనే పరీక్ష వాళ్లకు తగినవి. ఫ్రక్టోసమీన్ ఎర్రకణాన్ని చూడదు, ప్లాస్మాలోని మాంసకృత్తులను చూస్తుంది, రెండు మూడు వారాల సంగతి చెబుతుంది.

షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకూ ఒక మాట. మంచి మందు, నాకు దానితో తగాదా లేదు. కానీ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో ఇంకా తొందరగా తగ్గుతుంది. అప్పుడు ఎర్రకణాలు పెద్దగా, తక్కువగా పుడతాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి షుగర్ వల్లే అనుకుని ఊరుకుంటారు. దీనికి నేరేడు గానీ ఉసిరి గానీ చేసేదేమీ లేదు, ఏ పండులోనూ బి12 ఉండదు. కొలిపించుకుని, అవసరమైతే మాత్రో ఇంజెక్షనో తీసుకోవాలి.

అయితే నేరేడు తినకూడదా? ఎందుకు తినకూడదు! వంద గ్రాములు, అంటే పది పన్నెండు మంచి సైజు పళ్లు, మామిడి ముక్కల బదులు తిన్నారనుకోండి, షుగర్ ఉన్నవాళ్లకు మేలే. అందులోనూ చక్కెర ఉంది కనుక బుట్టెడు తినకండి. పండు పండుగానే తినండి, రసం తీసి వడకట్టకండి. గింజ పొడి విషయంలో మాత్రం జాగ్రత్త. ఇంట్లో కడిగి, ఎండబెట్టి, దంచుకున్నది ఒక ఎత్తు, సంతలో డబ్బాలో కొన్నది ఒక ఎత్తు. మూలిక పేరుతో అమ్మే షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు దంచి కలిపినట్టు ల్యాబు పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. వేసుకున్న మర్నాడే షుగర్ జారిపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాని మీద ఇలాంటి పొడి కూడా వేస్తే చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోవచ్చు. జేబులో చక్కెరో బెల్లం ముక్కో ఉంచుకోండి, డాక్టరుకు పొడి సంగతి దాచకండి.

ఇంత విన్నాక కూడా గింజ పొడి వాడి చూస్తానంటారా, వాడండి. మీ మాత్రలు మానకుండా, ఐరన్ మాత్రకు రెండు గంటలు ఎడంగా వాడండి. మొదలుపెట్టే ముందే ల్యాబుకు వెళ్లి ఏ1సి ఒక్కటే కాకుండా సీబీపీ అనే రక్తకణాల పరీక్ష కూడా రాయించుకోండి. అందులో హిమోగ్లోబిన్ ఎంత, ఎర్రకణం సైజు ఎంత అన్నవి గుర్తుపెట్టుకోండి. వారానికి రెండు రోజులు పరగడుపున, తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరు అంకెలు నోటు పుస్తకంలో రాసుకోండి. మూడు నెలలయ్యాక ఏ1సి, సీబీపీ రెండూ మళ్లీ చేయించండి. ఏ1సి దిగి, నోటు పుస్తకంలో అంకెలు కూడా దిగి, హిమోగ్లోబిన్ ఉన్నచోటే ఉంటే, ఆ మూడు నెలల్లో తిండీ నడకా మాత్రలూ మార్చకుండా ఉంటే, అప్పుడు పేరు పొడికి ఇవ్వచ్చు. ఏ1సి మాత్రమే దిగి, నోటు పుస్తకం దిగకపోతే, రెండు రిపోర్టులూ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి, నా ఎర్రకణాలకు ఏమయిందో చూడమని అడగండి.